నెగెటివ్ లక్షణాలను కొలిచే బి.ఎన్.ఎస్.ఎస్. స్కేలు: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ బోల్తా కొట్టిస్తుంది

స్కిజోఫ్రీనియాలో లేని మాటలు వినపడటం, ఎవరో వెంటాడుతున్నారన్న భయం చాలామందిలో మందులతో తగ్గుముఖం పడతాయి. అవి తగ్గాక కూడా కొందరు గది దాటి బయటికి రారు. అడిగినదానికి ముక్తసరిగా ఒక మాట అని ఊరుకుంటారు. నవ్వొచ్చే సంగతి చెప్పినా మొహంలో కదలిక ఉండదు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అంటారు. కేసు షీటులో మాత్రం "కుదురుగా ఉన్నారు" అని పడుతుంది. రెండూ ఆ మనిషికి అన్యాయం చేసే మాటలే. ఉండాల్సినవి తగ్గిపోవడమో, మాయమవడమో నెగెటివ్ లక్షణం అంటే. చదువు, ఉద్యోగం, స్నేహం చేజారిపోవడంలో వీటి పాత్ర చాలా పెద్దది. గొడవ చేయని లక్షణాలు కాబట్టి ఎవరూ వీటిని అడగరు, అడగరు కాబట్టి ఎక్కడా రాయరు.

అడిగి, రాసి, మళ్లీ కొన్నాళ్లకు పోల్చి చూసుకోవడానికి ఉన్న పనిముట్లలో బ్రీఫ్ నెగెటివ్ సింప్టమ్ స్కేల్ ఒకటి. పొట్టిగా బి.ఎన్.ఎస్.ఎస్. అంటారు. బ్రయాన్ కిర్క్‌పాట్రిక్, ఆయన సహచరులు దీన్ని 2011లో ప్రచురించారు. అంతకుముందు అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఈ లక్షణాల మీద నిపుణులను కూర్చోబెట్టింది. 2006లో అచ్చయిన వాళ్ల ఏకాభిప్రాయ పత్రం నెగెటివ్ లక్షణాలను ఐదుగా తేల్చింది: మొహంలో, గొంతులో భావం తగ్గడం, మాట తగ్గడం, మనుషులకు దూరమవడం, ఆనందం తగ్గడం, ఏ పనికీ పూనుకోలేకపోవడం. అప్పటికి ఉన్న స్కేళ్లు వీటిని సరిగ్గా పట్టుకోవడం లేదని, కొత్తది కావాలని కూడా అదే పత్రం చెప్పింది. ఆ పిలుపు తర్వాత వచ్చినవి రెండు. ఒకటి ఇది, రెండోది కెయిన్స్ అనే స్కేలు.

స్కేలుతో పాటు మూడు కాగితాలుంటాయి: ప్రశ్నల పుస్తకం, స్కోరు షీటు, ఒక్కో అంకెకు అర్థం చెప్పే మాన్యువల్. మొత్తం అంశాలు 13. ఒక్కోదానికి 0 నుంచి 6 వరకు వేస్తారు. 0 అంటే మామూలుగా ఉన్నట్టు, 6 అంటే లక్షణం అతి తీవ్రంగా ఉన్నట్టు. అన్నీ కలిపితే గరిష్ఠం 78. చేయి తిరిగినవాళ్లకు 15 నిమిషాలు పడుతుంది. కొత్తవాళ్లు దానికి రెట్టింపు సమయం పెట్టుకుని కూర్చోవడం మంచిది. అడిగేదంతా గడిచిన ఒక వారం గురించే.

ఆనందానికి మూడు అంశాలు: ఈ వారంలో చేసిన పనుల్లో ఎంత గట్టిగా ఆనందం కలిగింది, ఎన్నిసార్లు కలిగింది, ముందుముందు చేయబోయే పని గురించి తలుచుకుంటే ఎంత ఆనందం కలుగుతుందని అనిపిస్తోంది. బాధ తగ్గడానికి ఒక అంశం. మనుషులకు దూరమవడానికి రెండు, పూనిక లేకపోవడానికి రెండు. భావ వ్యక్తీకరణకు మూడు: మొహం, గొంతు, సైగలు. మాటకు రెండు: ఎంత మాట్లాడారు, అడిగినదానికి మించి తమంతట తాము ఎంత కలిపి చెప్పారు.

మాకు ఈ స్కేలులో అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది, చేసేదాన్నీ లోపల అనిపించేదాన్నీ విడదీయడం. మనుషులకు దూరమవడంలో ఒక అంశం నడవడిక మీద, ఇంకోటి లోపలి కోరిక మీద ఉంటుంది. పూనికలోనూ అంతే. పాత స్కేళ్లు ఎక్కువగా బయటికి కనపడేదాన్నే లెక్కేసేవి. వారమంతా ఎవరితోనూ మాట్లాడని ఇద్దరికి వాటిలో ఒకే అంకె పడుతుంది. ఒకరికి మనుషులు కావాలని ఉంటుంది, కానీ బయటికి వెళ్లాలంటే భయం. రెండోవాళ్లకు ఆ తలంపే రాదు. బి.ఎన్.ఎస్.ఎస్.లో మొదటివాళ్లకు నడవడికలో 5, కోరికలో 1 పడొచ్చు. రెండోవాళ్లకు రెండింట్లోనూ 5. మొదటివాళ్లకు కావాల్సింది భయానికి చికిత్స, వెంట నడిచే తోడు. రెండోవాళ్లను "బయటికి వెళ్లు, అందరితో కలువు" అని పోరితే ఒరిగేదేమీ ఉండదు. ఒక్క మనిషితో, ఒక్క చిన్న పనితో మొదలుపెట్టాలి.

ఈ తేడా తెలియాలంటే ప్రశ్నల వరుస ముఖ్యం. "ఈ వారంలో ఎవరితోనైనా కాసేపు కూర్చుని మాట్లాడారా?" అని మొదలవుతుంది. అవునంటే "ముందు పలకరించింది మీరా, వాళ్లా?" అని అడగాలి. ఎవరో వచ్చి పలకరిస్తే జవాబిచ్చినదానికీ, తనంతట తాను వెళ్లి పలకరించినదానికీ చాలా తేడా ఉంది. కాదంటే అక్కడితో వదిలేయకూడదు. "ఒక్కరే ఉన్నప్పుడు పక్కన ఎవరైనా ఉంటే బావుండు అనిపించిందా? ఎన్నిసార్లు? ఎవరు గుర్తొచ్చారు?" ఈ మూడో ప్రశ్న చాలామంది అడగరు. పేరు చెప్పగలిగితే కోరిక బతికే ఉందని అర్థం. కుటుంబం, స్నేహితులు, ప్రేమ లేదా పెళ్లి బంధం, వీటిని విడివిడిగా అడగాలి. అన్నీ ఒకే ప్రశ్నలో కుక్కితే "బానే ఉన్నా" అనే జవాబు తప్ప ఇంకేమీ రాదు.

నడవడిక అంకె వేసేముందు ఇంట్లోవాళ్లనో, వార్డు సిబ్బందినో అడగడం మంచిదే. లోపలి కోరిక అంకెకు మాత్రం ఆ మనిషి మాటే ఆధారం. "వాడికి ఎవరూ అక్కర్లేదండీ" అని తల్లి అంటే అది ఆమెకు కనపడింది. అతనికి అనిపించింది కాదు.

ముందుముందు కలిగే ఆనందం గురించిన అంశం కూడా ఇలాంటిదే. స్కిజోఫ్రీనియా ఉన్న చాలామందిలో పని చేస్తున్న క్షణంలో కలిగే ఆనందం అనుకున్నంత తగ్గదు. తగ్గేది ఎదురుచూపు. పాట వింటున్నంతసేపు హాయిగా ఉంటుంది, కానీ రేపు పాట వింటే హాయిగా ఉంటుందన్న ఊహ మనసుకు రాదు. ఊహ రాకపోతే చెయ్యి పాట పెట్టడానికి వెళ్లదు. స్కోరు షీటులో ఆనందం తీవ్రతకు 1, రాబోయే ఆనందానికి 4 ఉంటే చికిత్స ఎటు వెళ్లాలో దాదాపు తేలిపోతుంది. పని చేయించి, చేసిన వెంటనే ఎలా అనిపించిందో రాయించి, మర్నాడు ఆ కాగితమే చూపించి మళ్లీ మొదలుపెట్టించాలి.

ఆనందం గురించి అడిగేటప్పుడు "మీకు దేనిలో సంతోషం కలుగుతుంది?" అన్న ప్రశ్న తెలుగులో సరిగ్గా పనిచేయదు. అది జీవిత సత్యం అడిగినట్టు వినిపిస్తుంది, "ఏమీ లేదు" అని జవాబొస్తుంది. ముందు వారంలో చేసిన పనులు చెప్పించి, ఒక్కోదాని దగ్గర ఆగి "అది చేస్తుంటే ఎలా అనిపించింది? హాయిగా ఉందా, ఏమీ అనిపించలేదా?" అనాలి. మనుషులతో గడపడం, ఒంటికి హాయినిచ్చేవి, కాలక్షేపం, చదువు లేదా పని, ఈ నాలుగూ తడమాలి. స్నానం చేస్తే ఒళ్లు తేలికపడిందన్నా అది లెక్కలోకి వస్తుంది.

మొహం, గొంతు, సైగలకు వేసే మూడు అంకెలూ, మాటకు వేసే రెండూ అడిగి తెలుసుకునేవి కావు, మాట్లాడుతుండగా చూసి వేసేవి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. సంభాషణ అంతా మందుల గురించీ, నిద్ర గురించీ నడిస్తే ఎవరి మొహంలోనూ పెద్దగా భావం కనపడదు. సంతోషం కలిగించినవీ, చిరాకు పెట్టినవీ రెండూ చర్చకు రావాలి. అప్పుడు కనుబొమలు లేచాయా, పెదవి కదిలిందా, మొహం ముడుచుకుందా చూడాలి. గొంతులో వేగం, హెచ్చుతగ్గులు, బిగ్గరతనం మారుతున్నాయా వినాలి. సైగలంటే చేతులొక్కటే కాదు, తల ఊపడం, భుజాలెగరేయడం, ముందుకు వంగి కూర్చోవడం కూడా సైగలే. వీడియో కాల్‌లో చేస్తే కెమెరా వెనక్కి జరిపి నడుము దాకా కనపడేలా పెట్టించాలి. లేకపోతే సైగల అంకె ఊహతో వేసినట్టే. మొహానికి మాస్కు ఉంటే మొహం అంకె వేయకపోవడమే నిజాయితీ.

మాట అంకెను చెడగొట్టేది చాలాసార్లు అడిగేవాళ్ల ఓపికలేమి. జవాబు రావడానికి ఐదు సెకన్లు పడితే నాలుగో సెకనులోనే ఇంకో ప్రశ్న వేస్తారు. రోగి ఆపిన చోట వాళ్లే పూర్తి చేస్తారు. తర్వాత "మాట తక్కువ" అని 4 వేస్తారు. ప్రశ్న వేశాక మనసులో పది లెక్కపెట్టి ఊరుకోవాలి. ఇక "తమంతట తాము కలిపి చెప్పడం" వేరే అంశం. "ఈ ఉదయం ఏం చేశారు?" అంటే "లేచాను" అని ఆగిపోవడం ఒకటి, "లేచాను, తల నొప్పిగా ఉంది, మళ్లీ పడుకున్నాను" అనడం ఒకటి. రెండో జవాబు పొట్టిదే, అయినా అడగనిది చెప్పింది. దాన్ని గమనించి ఆ క్షణమే షీటు పక్కన రాసుకోవాలి. అంతా అయ్యాక గుర్తు చేసుకుని వేసే అంకెలు ఆ మనిషి మీద మనకున్న మొత్తం అభిప్రాయానికి నకళ్లవుతాయి. 13 గళ్లలోనూ 3, 3, 3 పడిన షీటు కనిపిస్తే మేము దాన్ని నమ్మం.

బాధ తగ్గడం అన్న నాలుగో అంశం గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఇది చాలా స్కేళ్లలో లేదు. ఎవరైనా బాధపడే సంగతి జరిగినా బాధ పుట్టకపోవడాన్ని ఇది కొలుస్తుంది. అంటే బాధ ఎంత తక్కువైతే అంకె అంత ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ తిరగేసి వేస్తారు. ఏడుస్తూ తన కష్టం చెప్పుకున్న మనిషికి 5 వేస్తారు, వేయాల్సింది 0. షీటు మీద ఈ గడి పక్కన "బాధ ఉంటే 0" అని పెన్సిలుతో రాసుకోవడం మంచి అలవాటు. మిగతా 12 అంశాలతో ఇది అంత గట్టిగా కలిసి నడవదని విశ్లేషణల్లో తేలింది. అందువల్ల కొందరు దీన్ని పక్కనపెట్టాలంటారు. మేము ఉంచాలనే అంటాం. మనుషులకు దూరంగా ఉండి, ఏ పనీ ముట్టని మనిషిలో ఈ అంశం 0 అయితే డిప్రెషన్ ఉందేమోనని వెంటనే వెతకాలి. అన్నీ ఎక్కువై ఇది కూడా 5 అయితే దారి వేరు.

ఇక స్కేలు చేయలేని పని ఒకటుంది. లక్షణం ఎంత ఉందో చెబుతుంది, ఎందుకు ఉందో చెప్పదు. మొహంలో కదలిక లేకపోవడం జబ్బు వల్ల రావొచ్చు, జబ్బుకు వాడే యాంటీసైకోటిక్ మందు తెచ్చిన పార్కిన్సన్ తరహా కండరాల బిగుతు వల్లా రావొచ్చు. రెండింటికీ షీటు మీద 5 ఒకేలా పడుతుంది. తేడా కనుక్కోవడానికి మణికట్టు పట్టుకుని ఆడించి బిగుతు చూడాలి. నడిపించి చేతులు ఊగుతున్నాయా చూడాలి. వేళ్ల వణుకు, రెప్పలు కొట్టడం తగ్గడం గమనించాలి. దీనికి సింప్సన్-యాంగస్ అని 10 అంశాల స్కేలు 1970 నుంచీ ఉంది. బిగుతు దొరికితే మోతాదు, మందు గురించి ఆలోచించాల్సింది డాక్టరు. ఇంట్లోవాళ్లు స్కోరు చూసి మందు తగ్గించడమో, ఆపడమో చేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది.

డిప్రెషన్‌ను వేరు చేయడానికి కాల్గరీ స్కేలు వాడాలి. అది స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ల కోసమే తయారైంది, నెగెటివ్ లక్షణాలతో కలగలిసిపోకుండా 9 అంశాలు ఎంచుకున్నారు. గరిష్ఠం 27, సాధారణంగా 6 దాటితే డిప్రెషన్ గురించి లోతుగా చూస్తారు. నిరాశ, తప్పు చేశానన్న భావన, పొద్దున్నే ముందుగా మెలకువ రావడం, ఆత్మహత్య ఆలోచనలు అందులో సూటిగా అడుగుతారు. మందు మత్తు మూడో కారణం. పగలంతా తూగుతున్న మనిషికి పూనిక అంకె వేసి ప్రయోజనం లేదు. ఎవరో హాని చేస్తారన్న భయంతో తలుపు వేసుకున్నవాళ్లది నాలుగో కారణం. "ఎందుకు వెళ్లలేదు?" అని ఒక్క ప్రశ్న వేస్తే ఇది చాలాసార్లు బయటపడుతుంది. గంజాయి, మద్యం వాడకాన్ని విడిగా అడగాలి. అవకాశమే లేకపోవడం ఇంకో కారణం. నెలలుగా వార్డులో ఉన్నవాళ్లకు చేయడానికి ఏ పనీ లేకపోతే ఆనందం ఎన్నిసార్లు కలిగిందన్న అంశం పెరగక ఏమవుతుంది? ఆ అంకె రోగిది కాదు, వార్డుది. షీటు మీద అలాగే రాయాలి.

ఈ కారణాలేవీ వివరించలేనప్పుడు, లక్షణాలు కనీసం ఆరు నెలలు అలాగే నిలిచినప్పుడు, వాటిని మొండి నెగెటివ్ లక్షణాలుగా చూస్తారు. ఒక్క సిట్టింగులో ఆ మాట అనేయడం తొందరపాటు.

మొత్తం స్కోరు ఒక్కటే చూడటం ఎంత మోసమో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. ఒకరికి మొహం, గొంతు, సైగలు మూడింటా 5, మాట రెండింటా 4 పడ్డాయి. ఆ ఐదూ కలిపి 23. మిగతా ఎనిమిది అంశాల్లో అన్నీ కలిపి 10. మొత్తం 33. ఇంకొకరికి ఆ మొదటి ఐదింటిలో ఒక్కొక్కటే, అంటే 5. ఆనందంలో 11, బాధలో 2, మనుషులకు దూరమవడంలో 7, పూనికలో 8. మొత్తం మళ్లీ 33. మొదటి షీటు చూడగానే మణికట్టు పట్టుకుని చూడాలి. రెండోదాన్ని చూసి కాల్గరీ స్కేలు తీయాలి, రోజు ఎలా గడుస్తోందో గంట గంటకూ అడగాలి. రిపోర్టులో "33" అని మాత్రమే రాస్తే ఇద్దరికీ ఒకే చికిత్స పడుతుంది. కనీసం రెండు భాగాలుగా, అంటే వ్యక్తీకరణ ఒకటి, ప్రేరణ-ఆనందం ఒకటిగా రాయాలి. ఐదు విభాగాలుగా రాస్తే ఇంకా మేలు. 2018 తర్వాత వచ్చిన విశ్లేషణలు రెండు భాగాలకన్నా ఐదు విభాగాల పొందికనే ఎక్కువ సమర్థించాయి.

పాత స్కేళ్లతో పోలిస్తే? స్కిజోఫ్రీనియా లక్షణాలన్నిటినీ కలిపి కొలిచే పాన్స్ 1987లో వచ్చింది. 30 అంశాల్లో నెగెటివ్‌వి 7. వాటిలో లోతుగా ఆలోచించలేకపోవడం, ఒకే మూసలో ఆలోచించడం అనే రెండూ నిజానికి తెలివితేటల పనికి దగ్గరివి. ఆనందం తగ్గడానికి అసలు అంశమే లేదు. అయినా మందుల ప్రయోగాల్లో ఇప్పటికీ పాన్స్‌దే రాజ్యం. 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ప్రయోగంలో నెగెటివ్ లక్షణాలు ముందుకొచ్చిన 461 మందికి 26 వారాలు కారిప్రజిన్, రిస్పెరిడోన్ అనే రెండు యాంటీసైకోటిక్ మందుల్లో ఒకటి ఇచ్చి చూశారు. కారిప్రజిన్‌కు కొద్దిపాటి మెరుగు కనిపించింది. అక్కడా కొలిచింది పాన్స్ నెగెటివ్ అంశాల స్కోరుతోనే. అందువల్ల ఆ పరిశోధనలు చదవాలంటే పాన్స్ తెలియాల్సిందే. ఒక చిన్న జాగ్రత్త: పాన్స్ అంకె 1 నుంచి 7 వరకు, 0 నుంచి కాదు. ఎంత శాతం తగ్గిందో లెక్కేసేముందు 30 అంశాలకైతే 30, నెగెటివ్ భాగానికైతే 7 తీసేయాలి. బి.ఎన్.ఎస్.ఎస్.కు ఆ తిప్పలు లేవు.

నాన్సీ ఆండ్రియాసెన్ 1980ల మొదట్లో తెచ్చిన శాన్స్ విస్తారంగా ఉంటుంది, 25 అంశాలు. ఈ లక్షణాలను చూడటం ఒక తరానికి నేర్పింది అదే. శ్రద్ధ తగ్గడాన్ని కూడా అందులో కలిపారు, అది ఇప్పుడు నెగెటివ్ లక్షణాల లెక్కలో లేదు. కెయిన్స్‌లోనూ 13 అంశాలే ఉన్నాయి, 0 నుంచి 4 వరకు వేస్తారు. 9 ప్రేరణ-ఆనందానికి, 4 వ్యక్తీకరణకు. ప్రశ్నలు లోతైనవి, సమయం ఎక్కువ తీసుకుంటుంది. పరిశోధనకు కెయిన్స్, రద్దీ ఉండే ఓపీకి బి.ఎన్.ఎస్.ఎస్. అన్నది మా ఎంపిక. 2021లో యూరోపియన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మార్గదర్శకాలు ఈ రెండింటినే ముందుకు పెట్టాయి. రోగి తానే నింపే స్కేలును తోడుగా వాడమన్నాయి. అలాంటివాటిలో 2016లో వచ్చిన ఎస్.ఎన్.ఎస్. తేలికైనది. 20 వాక్యాలు, ఒక్కోదానికి 0 నుంచి 2, గరిష్ఠం 40, ఐదు నిమిషాల పని. డాక్టరు వేసిన అంకె ఎక్కువై, రోగి నింపింది తక్కువైతే ఇద్దరిలో ఎవరో తప్పని కాదు, కూర్చుని మాట్లాడాల్సిన చోటు అదేనని అర్థం.

వాడకంలో మరికొన్ని సంగతులు. అడిగేది గడిచిన వారం గురించి కాబట్టి వారం లోపు మళ్లీ చేస్తే అదే రోజులను రెండుసార్లు లెక్కేసినట్టు అవుతుంది. మందు మార్చాకనో, శిక్షణ మొదలయ్యాకనో నెలకోసారి చాలు. ప్రతిసారీ అదే మనిషి, వీలైతే అదే వేళకు చేయాలి. రాత్రి మందు మత్తు తీరని ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చేస్తే వచ్చే తేడా గడియారానిది. ఇద్దరు కలిసి వాడే చోట ముందు ఒకే ఇంటర్వ్యూను విడివిడిగా చూసి అంకెలు వేసి పోల్చుకోవాలి. ఏ అంశంలోనైనా ఒక పాయింటు మించి తేడా వస్తే మాన్యువల్ తెరిచి అక్కడికక్కడే తేల్చుకోవాలి. ప్రశ్నలను ఎవరికి తోచినట్టు వాళ్లు తెలుగు చేసుకుని అడగడం మాత్రం వద్దు. ఒకరు అనువదించి, మూలం చూడని ఇంకొకరు వెనక్కి అనువదించి, పోల్చి, రచయితల అనుమతితో స్థిరపరిచిన పాఠమే అందరూ వాడాలి.

ఫలితం చెప్పేటప్పుడు అంకె చెప్పొద్దు, అంశం చెప్పండి. "మీకు 33 వచ్చింది" అంటే ఎవరికీ ఏమీ అందదు. "మనుషులు కావాలని మీకు ఉంది, ఈ వారంలో రెండుసార్లు మీ చెల్లెలు గుర్తొచ్చిందన్నారు. ఫోన్ తీయడం దగ్గరే ఆగిపోతున్నారు. ఆ ఫోన్ ఏ రోజు, ఏ వేళకు చేద్దాం?" అని అడిగి, ఆ రోజునూ వేళనూ స్కోరు షీటు కింద ఆ మనిషి చేతే రాయించాలి. నెల తర్వాత మళ్లీ కూర్చున్నప్పుడు ముందు చూడాల్సింది ఆ రాత.